ఫైనలియర్‌లో నాలుగు దారులు: మా మేనల్లుడితో వేసిన లెక్క

పోయిన ఆదివారం మా అక్క కొడుకు వైజాగ్‌లోనే గాజువాక నుంచి బండి వేసుకుని మా ఇంటికి వచ్చాడు. ఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్) ఫైనలియర్. చేతిలో లాంగ్ నోట్‌బుక్కు. ఒక పేజీ నిండా నాలుగు గడులు గీశాడు: క్యాంపస్‌లో వచ్చిన సాఫ్ట్‌వేర్ ఆఫర్, పరవాడ వైపు కోర్ కంపెనీ (చదివిన బ్రాంచ్ పని ఉండే ఫ్యాక్టరీ), గేటు (ఇంజనీరింగ్ వాళ్ల జాతీయ పరీక్ష) రాసి పీఎస్‌యూ (ప్రభుత్వ రంగ సంస్థ), బ్యాంకు కోచింగు. ఒక్కో గడి కింద జీతానికి ఇన్ని, సెక్యూరిటీకి ఇన్ని, గ్రోత్‌కి ఇన్ని అని పదేసి మార్కులకు వేసుకున్నాడు. కూడితే అన్నిటికీ ముప్పైకి ఇరవై, ఇరవై ఒకటి.

"ఇప్పుడేటి చెయ్యమంటావు మావయ్యా?"

ఏ దారి ఏం ఇస్తుందో ఆ పేజీలో ఉంది. ఎప్పుడు ఇస్తుందో లేదు. దిగాక తప్పనిపిస్తే వెనక్కి రావడానికి ఎంత పడుతుందో అసలే లేదు. భోజనాలయ్యాక కూర్చుని ఆ రెండు గడులూ కలిపాం. ఫైనలియర్ పిల్లలున్న ఏ ఇంట్లో చూసినా ఈ సెప్టెంబరులో ఇదే గొడవ నడుస్తుంటుంది కాబట్టి ఆ లెక్కంతా ఇక్కడ పెడుతున్నాను.

ఏ తలుపు ఎప్పుడు మూసుకుంటుంది

క్యాంపస్ డ్రైవ్‌లు ఎక్కువగా ఏడో సెమిస్టర్‌లోనే అయిపోతాయి. గేటు దరఖాస్తులు మామూలుగా ఆగస్టు చివర్లో మొదలై సెప్టెంబరు ఆఖరు దాకా ఉంటాయి, పరీక్ష ఫిబ్రవరిలో. ఫైనలియర్‌లో ఉండగానే రాయొచ్చు, ఆ స్కోరు 3 ఏళ్లు చెల్లుతుంది. బ్యాంకు పీఓ (ప్రొబేషనరీ ఆఫీసరు) ఉద్యోగానికైనా, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే ఎస్ఎస్‌సీ సీజీఎల్‌కైనా నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీ నాటికి డిగ్రీ పాసై ఉండాలి. అంటే ఈ సెప్టెంబరులో మావాడు బ్యాంకు పరీక్ష రాయలేడు. ఆ గడి వచ్చే ఏడాదిది. క్యాంపస్ ఆఫర్‌తో దానికి పోటీయే లేదు.

ఇది చూశాక వాడి ముఖం కొంచెం తేలికపడింది. అసలు సంగతి ఆ తర్వాతది.

ప్రభుత్వ బ్యాంకుల పరీక్ష ఐబీపీఎస్ పీఓకు వయసు 20 నుంచి 30. బీసీలకు ఇంకో మూడేళ్లు, ఎస్సీ ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు ఉంటుంది. గ్రూప్స్‌కైతే ఇంకా పైదాకా. ఇరవై ఒకటో ఏట డిగ్రీ చేతికొచ్చిన పిల్లాడికి ఆ తలుపు ఎనిమిది, తొమ్మిదేళ్లు తెరిచే ఉంటుంది. ఫ్రెషర్ తలుపు అలా కాదు. ఆఫ్ క్యాంపస్, అంటే కాలేజీ బయట తీసుకునే ఉద్యోగాల ప్రకటన ఏదైనా తీసి చూడండి, పైనే ఫలానా సంవత్సరం పాసైన బ్యాచ్ వాళ్లే అని ఉంటుంది, మహా అయితే దాని ముందు బ్యాచ్. ఏడాది దాటితే మీ రెజ్యూమె మనిషి కంట పడకముందే ఫిల్టర్‌లో పోతుంది. పరీక్షల కోసం రెండేళ్లు ఇంట్లో కూర్చుని, అది రాక, అప్పుడు సాఫ్ట్‌వేర్ వైపు తిరిగినవాళ్లకు ఎదురయ్యేది ఇదే. అటు అనుభవం లేదు, ఇటు ఫ్రెషరూ కాదు.

కాబట్టి నా మాట ఒకటే. తొందరగా మూసుకునే తలుపులోంచి ముందు లోపలికి వెళ్లండి, ఆలస్యంగా మూసుకునేది లోపల ఉండగా కూడా తట్టొచ్చు. దీనికి మినహాయింపులున్నాయి, కింద చెబుతాను.

3.6 లక్షల ప్యాకేజీ అంటే నెలకు ఎంత

వాడి నోట్‌బుక్కులో సాఫ్ట్‌వేర్ జీతం నెలకు 30,000 అని ఉంది. 3.6 లక్షలను పన్నెండుతో భాగించాడు, అంతే. మా బావకూ అదే చెప్పి ఉంటాడు.

ప్యాకేజీలో చేతికి రాని డబ్బు చాలా ఉంటుంది. వాడి ఆఫర్ లెటర్ వెనక పేజీ చూపించమన్నాను. ముప్పై వేలలో 3,000 వేరియబుల్, అది కంపెనీ బాగుంటేనే, అదీ ఏడాదికోసారో మూడు నెలలకోసారో. బేసిక్ 15,000 కాబట్టి కంపెనీ తరఫు పీఎఫ్ 12 శాతం లెక్కన 1,800, గ్రాట్యుటీ 4.81 శాతం లెక్కన దాదాపు 720 రూపాయలు. ఇవి కూడా ప్యాకేజీలో భాగమే. మిగిలింది 24,480. అందులోంచి మన తరఫు పీఎఫ్ ఇంకో 1,800, వృత్తి పన్ను 200 పోతే 22,480. ఈ జీతానికి ఆదాయపు పన్ను పడదు, కనీసం ఆ బెంగ లేదు.

హైదరాబాద్‌లో ఇది ఎలా ఖర్చవుతుందో వాడి సీనియర్‌ని ఫోన్‌లోనే అడిగాం. మాదాపూర్ దగ్గర షేరింగ్ హాస్టల్‌కు తిండితో కలిపి 8,000 కడుతున్నాడట. బస్సు, మెట్రో, ఫోను, సాయంత్రం టిఫిన్లు, నెలకోసారి ఇంటికి రైలు, ఇవన్నీ కలిపి ఇంకో ఆరేడు వేలు. ఇంటికి పంపగలిగేది ఏడెనిమిది వేలు, అది కూడా బట్టలు కొనని నెలలో.

పరవాడ కంపెనీ చెప్పింది నెలకు 20,000. సాఫ్ట్‌వేర్ కంటే తక్కువని మావాడు రెండు మార్కులు కోశాడు. ఇంట్లో తిని కంపెనీ బస్సులో వెళ్లొచ్చేవాడికి అందులో ఎంత ఖర్చవుతుందో లెక్కపెట్టలేదు. మొదటి రెండేళ్లు చేతిలో మిగిలేది చూస్తే పరవాడే ఎక్కువ. మూడో ఏటి నుంచి లెక్క మారుతుంది, సాఫ్ట్‌వేర్‌లో కంపెనీ మారినప్పుడు వచ్చే పెంపు ప్లాంటులో అంత తొందరగా రాదు. ఇంట్లో అప్పు ఉండి వెంటనే డబ్బు కావాలా, రెండేళ్లు ఆగగలరా అన్నది ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవాలి. పిల్లలు ఈ మాట అడగడానికి సిగ్గుపడతారు. పెద్దవాళ్లే ముందు నోరు విప్పితే మంచిది.

సాఫ్ట్‌వేర్ ఆఫర్: రెండు మెలికలు

ఆఫర్ లెటర్ వచ్చినంత మాత్రాన ఉద్యోగం వచ్చినట్టు కాదు. నా బ్యాచ్‌లో మాకు పదిహేను మందికి ఒక పెద్ద కంపెనీ లెటర్లిచ్చి పదకొండు నెలలు జాయినింగ్ డేట్ ఇవ్వలేదు. అప్పటికే కాలేజీ "ఒకరికి ఒకే ఉద్యోగం" అని మమ్మల్ని మిగతా డ్రైవ్‌లకు కూర్చోనివ్వలేదు. ఊళ్లో మా అమ్మ అందరికీ స్వీట్లు పంచేసింది. ఆ పదకొండు నెలలు నేను పగలు వీధిలోకి రాలేదు. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు రాలేదు.

అందుకే ఆఫర్ వచ్చిన రోజే ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ని రెండు సంగతులు అడగండి. దీనికంటే పెద్ద ప్యాకేజీ వస్తే ఆ డ్రైవ్‌కు కూర్చోనిస్తారా? జాయినింగ్ ఆలస్యమైతే మళ్లీ అవకాశం ఇస్తారా? కాలేజీకో రూలు ఉంటుంది. సీనియర్లు చెప్పేది మూడేళ్ల కిందటి రూలు కావచ్చు.

రెండో మెలిక బాండు. ట్రైనింగ్ ఖర్చు పేరుతో ఏడాదో రెండేళ్లో పనిచేయాలనీ మధ్యలో మానేస్తే ఇంత కట్టాలనీ రాయించుకుంటారు. "బాండ్లు కోర్టులో నిలబడవులే" అని తేలిగ్గా తీసుకునేవాళ్లున్నారు. 2025 మేలో సుప్రీం కోర్టు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో, 3 ఏళ్ల లోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందనే చెప్పింది. ప్రతి కంపెనీ బాండూ అలాగే నిలుస్తుందని కాదు, కంపెనీకి నిజంగా ఎంత నష్టమొచ్చిందన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. కానీ తేలికని మాత్రం సంతకం పెట్టకండి. ఎన్నాళ్లు, ఎంత, ట్రైనింగ్ మొదలైన రోజు నుంచా అయిపోయిన రోజు నుంచా, ఈ మూడూ చదవండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర పెట్టాలి అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. చూపించండి, జిరాక్సులివ్వండి, ఒరిజినల్స్ మాత్రం మీ బీరువాలోనే.

పరవాడ, అచ్యుతాపురం దారి

మన ఊళ్లో కోర్ అనగానే పెద్దవాళ్లకు స్టీల్ ప్లాంటే గుర్తొస్తుంది. మా బావ కూడా అంతే. "ఉక్కులో అప్రెంటిస్ చేస్తే ఎప్పటికైనా పర్మనెంట్ చేస్తార్రా" అంటాడు. ప్లాంటుకు భూములిచ్చినవాళ్లకిచ్చిన ఆర్ కార్డుతో ఉద్యోగాలొచ్చిన కాలం నాటి మాట అది. భూములిచ్చిన కుటుంబాల్లోనే ఇంకా ఎదురు చూస్తున్నవాళ్లున్నారు. అప్రెంటిస్ చట్టం 1961 నాటిది, దాని కింద చేసేది శిక్షణ. అది ముగిశాక అందరినీ ఉద్యోగంలోకి తీసుకుని తీరాలని లేదు. స్టీల్ ప్లాంటైనా, షిప్‌యార్డైనా, డాక్‌యార్డైనా పని నేర్చుకోవడానికి మంచి చోట్లే. చేతిలో వేరే ఏమీ లేనప్పుడు ఆ ఏడాది వృథా కాదు. ఆఫర్ వదులుకుని మాత్రం వెళ్లొద్దు.

ఇప్పుడు మన చుట్టుపక్కల ఫ్రెషర్లను ఏటా తీసుకునేవి ఎక్కువగా ఫార్మా కంపెనీలే: పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్, భీమిలి వైపు చిప్పాడ, నక్కపల్లి. బీఎస్సీ కెమిస్ట్రీ, బీఫార్మసీ పిల్లలకు క్యూసీ (నాణ్యత పరీక్షించే ల్యాబు), క్యూఏ (నాణ్యత పద్ధతులు చూసే విభాగం), ప్రొడక్షన్. ఈఈఈ, మెకానికల్ వాళ్లకు మెయింటెనెన్స్, యుటిలిటీ. కెమిస్ట్రీ పిల్లలకు నా సలహా, వీలుంటే క్యూసీ పట్టండి. మందుల్లో ఏముందో తేల్చే హెచ్‌పీఎల్‌సీ మెషిన్ మీద రెండేళ్లు చేయి తిరిగితే హైదరాబాద్‌లో జీడిమెట్ల, పటాన్‌చెరు వైపు కంపెనీలు పిలిచి ఇస్తాయి. ప్రొడక్షన్‌లో జీతం మొదట కొంచెం ఎక్కువే ఉండొచ్చు గానీ షిఫ్టులు ఒళ్లు గుల్ల చేస్తాయి.

ఈ ఉద్యోగాల్లో అడగాల్సిన మొదటి ప్రశ్న జీతం గురించి కాదు. కంపెనీ రోలా, కాంట్రాక్టు రోలా? ఒకే గేటు, ఒకే యూనిఫాం, ఒకే క్యాంటీను, పే స్లిప్ మీద కంపెనీ పేరు మాత్రం వేరే ఉంటుంది. కాంట్రాక్టరు మారినప్పుడల్లా మీ సర్వీసు మళ్లీ మొదటికి వస్తే వేరే కంపెనీకి వెళ్లినప్పుడు చూపించుకోవడానికి ఏమీ మిగలదు. పే స్లిప్ ఎవరిస్తారు, పీఎఫ్ ఎవరి పేరు మీద కడతారు అని ఇంటర్వ్యూలోనే అడగొచ్చు, దానికి ఎవరూ తప్పు పట్టరు. చేరాక యూఏఎన్ (మీ పీఎఫ్ నంబరు) తీసుకుని పాస్‌బుక్‌లో నెలనెలా డబ్బు పడుతోందో లేదో చూసుకోండి.

రెండో ప్రశ్న భద్రత. 2024 ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లో జరిగిన ప్రమాదంలో 17 మంది పోయారు. అందులో కుర్ర ఇంజనీర్లున్నారు. ఆ తర్వాత మా అక్క పరవాడ అన్న మాట వింటేనే ఉలిక్కిపడుతుంది, ఆవిడని తప్పు పట్టను. అక్కడ పనిచేసేవాళ్లను పట్టుకుని సేఫ్టీ ట్రైనింగ్ నిజంగా ఇస్తారా, సంతకాలు పెట్టించుకుని వదిలేస్తారా అని అడగండి. కూర్మన్నపాలెం జంక్షన్‌లో షిఫ్టు బస్సు దిగేవాళ్లు చెప్పినంత నిజం ఏ వెబ్‌సైటూ చెప్పదు.

గేటు, బ్యాంకు

ఎన్‌టీపీసీ, పవర్‌గ్రిడ్ లాంటివి గేటు స్కోరుతో ఇంజనీర్లను తీసుకుంటాయి. ఈఈఈ వాడికి ఇది మంచి దారి, పైగా స్కోరు తక్కువొస్తే ఎంటెక్‌కైనా పనికొస్తుంది. వంద మార్కుల్లో 15 జనరల్ ఆప్టిట్యూడ్, క్యాంపస్ టెస్టులకు చదివిందే ఇక్కడా పనికొస్తుంది. మిగతావి మన సిలబస్సే. కాబట్టి ఫైనలియర్‌లో ఉన్న ఏ కోర్ బ్రాంచ్ వాడైనా గేటు ఒకసారి రాయాల్సిందే అంటాను. సీరియస్‌గా చదవకపోయినా ఎక్కడున్నామో తెలుస్తుంది.

బ్యాంకు కోచింగంటే ద్వారకానగర్. డైమండ్ పార్కు చుట్టూ ఏ మెట్లెక్కినా ఒక ఇన్‌స్టిట్యూటే. అక్కడ బోధన బాగోదని నేననను. ఉద్యోగం లేకుండా, గడువు పెట్టుకోకుండా వెళ్లడమే ప్రమాదం. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చి రూములో నలుగురు సర్దుకుని చదివే పిల్లల్ని చూస్తుంటాను. వాళ్లలో గట్టివాళ్లు ఏడాదిన్నరలో కొట్టేస్తారు. కొందరు నాలుగో ఏడాది కూడా పబ్లిక్ లైబ్రరీలో అదే బల్ల దగ్గర ఉంటారు, ఊరికి ఫోన్ చేసి ఏం చెప్పాలో తెలియక.

ఉద్యోగం చేస్తూ ప్రిపేర్ అవ్వొచ్చా? పగటి షిఫ్టైతే బ్యాంకుకు, ఎస్ఎస్‌సీకి అవ్వొచ్చు. పొద్దున రెండు గంటలు, ఆదివారాలు మాక్ టెస్టులు. నైట్ షిఫ్ట్ బీపీఓలో ఉంటూ అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, నేను ప్రయత్నించి రెండు నెలల్లో పడకేశాను. గ్రూప్ 1, సివిల్స్ లాంటివి మాత్రం సగం మనసుతో అయ్యేవి కావు. ఇదే మొదటి మినహాయింపు: మీ లక్ష్యం అదే అయితే, ఇంట్లో రెండేళ్లు పోషించే స్తోమత ఉంటే, నేరుగా దిగండి. రెండోది, డిగ్రీలో చదివిన సబ్జెక్టు మీద నిజంగా ప్రేమ ఉండి ఆంధ్రా యూనివర్సిటీలోనో మరెక్కడో పీజీ చేయాలనుకునేవాళ్లు. వాళ్లకు ఈ తలుపుల లెక్క వర్తించదు.

వైజాగా, హైదరాబాదా

2025లో పేపర్లు తిరగేసినవాళ్లకు వైజాగ్ రేపే బెంగళూరు అయిపోతుందనిపించి ఉంటుంది. టీసీఎస్‌కు, కాగ్నిజెంట్‌కు నామమాత్రంగా 99 పైసలకు భూములిచ్చారు. అక్టోబరులో గూగుల్ ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామని ప్రకటించింది. సంతోషమే. కానీ శంకుస్థాపన రాయి మీద మీ పేరుతో ఆఫర్ లెటర్ ఉండదు. డేటా సెంటర్ అంటే వేలమంది కోడర్లు కూర్చునే ఆఫీసు కూడా కాదు. అందులో నిత్యం కావాల్సింది కరెంటు, కూలింగ్, ఫైర్ సేఫ్టీ చూసేవాళ్లు. విచిత్రమేమిటంటే ఆ వార్త చూసి కంప్యూటర్ సైన్స్ పిల్లలు పొంగిపోయారు, పొంగాల్సింది మావాడిలాంటి ఈఈఈ వాళ్లు.

ఇప్పటికి ఉన్నది ఉన్నట్టు చూస్తే ఋషికొండ, మధురవాడ వైపు ఇన్ఫోసిస్, డబ్ల్యూఎన్‌ఎస్ లాంటివి కొన్ని ఉన్నాయి. ఒకే పని, ఒకే జీతం ఇక్కడా హైదరాబాద్‌లోనూ వస్తే నేను మొదటి రెండేళ్లకు హైదరాబాదే అంటాను. అక్కడ రెండో ఉద్యోగం మెట్రోలో నాలుగు స్టేషన్ల దూరంలో ఉంటుంది. ఇక్కడ కంపెనీ నచ్చకపోతే మారడానికి ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఎక్కితే పొద్దున దిగుతాం, పండక్కి రావడం కష్టమేమీ కాదు, టికెట్ దొరికితే.

ఇంట్లో పెద్దవాళ్లకు బాగోకపోతే, చూసుకోవడానికి మీరొక్కరే అయితే పైన చెప్పింది పక్కన పెట్టేయండి. అయితే గాజువాక నుంచి ఋషికొండ రోజూ రానుపోను యాభై కిలోమీటర్లు దాటుతుంది, ఎన్‌ఏడీ నుంచి హనుమంతవాక దాకా ట్రాఫిక్‌తో సహా. బండి మీద వద్దు, కంపెనీ క్యాబ్ ఉందో లేదో ముందే కనుక్కోండి.

ఏ దారైనా ముందు చేయాల్సినవి

టెన్త్ మెమో, ఆధార్, పాన్, డిగ్రీ మెమోల్లో పేరు ఒకేలా ఉందో లేదో ఈ వారమే చూసుకోండి. మావాడికి టెన్త్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పాన్‌లో ఒక్క అక్షరమే. ఆఫర్ వచ్చాక వెరిఫికేషన్‌లో ఇలాంటివి పట్టుకుంటే పరుగులు పెట్టాలి. బ్యాక్‌లాగ్ (పాసవ్వని సబ్జెక్టు) ఉంటే ఉద్యోగం వెతకడం కంటే ముందు అది క్లియర్ చేయండి.

ప్రాజెక్టు మీదే ఇంటర్వ్యూ సగం నడుస్తుంది. దుకాణంలో కొన్న ప్రాజెక్టైతే మూడో ప్రశ్నకు దొరికిపోతారు. చిన్నదైనా సొంతంగా చేసింది, ఎక్కడ చెడిపోయిందో ఎలా బాగుచేశారో చెప్పగలిగింది ఒకటి ఉండాలి. ఇంగ్లీషు గురించి తెలుగు మీడియం పిల్లలు పడే బెంగలో సగం అనవసరం. మీ ప్రాజెక్టు గురించి రోజూ ఐదు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. నెలలో తేడా మీకే తెలుస్తుంది.

డబ్బు కడితే ఉద్యోగం అనేవాళ్లకు దండం పెట్టి వచ్చేయండి. నేను అప్పట్లో ఒక కన్సల్టెన్సీకి 15,000 కట్టాను. రెండు వారాల తర్వాత వెళ్తే ఆ గదిలో టైలర్ షాపుంది.

సాయంత్రం టీ తాగుతూ మావాడు హెచ్ఆర్‌కు మెయిల్ రాశాడు: బాండు ఎన్నాళ్లు, ఎప్పటి నుంచి లెక్క, జాయినింగ్ ఎప్పుడు. రాయడానికి భయపడ్డాడు, ఇవన్నీ అడిగితే ఆఫర్ వెనక్కి తీసుకుంటారేమోనని. మర్యాదగా అడిగితే ఎవరూ తీసుకోరని చెప్పి నేనే సెండ్ నొక్కించాను. మంగళవారం జవాబొచ్చింది. బాండు ఏడాదే, ట్రైనింగ్ అయిపోయిన రోజు నుంచి. జాయినింగ్ తేదీ "త్వరలో తెలియజేస్తాం" అట. గేటు అప్లికేషన్ ఆ రాత్రే పెట్టేశాడు.